వారానికి 20 నిమిషాలు, నెలకో గంట: ఇంటి లెక్కలకు కూర్చునేదెప్పుడు?

ఇంటి లెక్కలు చూసుకునే తీరికే లేదనేవాళ్లలో చాలామంది రోజుకు నాలుగైదుసార్లు మ్యూచువల్ ఫండ్ యాప్ తెరిచి చూస్తుంటారు. నిన్న ఎంత పెరిగింది, ఇవాళ ఎంత తగ్గింది అని. చూసినందువల్ల చేయాల్సిన పనేమీ పుట్టదు. ఈలోగా క్రెడిట్ కార్డు బిల్లు గడువు దాటుతుంది, ఆస్తిపన్ను రాయితీ చేజారుతుంది, బంగారం లోను రెన్యువల్ తేదీ గుర్తుండదు. డబ్బు పనుల్లో బుర్ర పెట్టాల్సినవి కొన్నే. మిగతావన్నీ తేదీలతో ముడిపడ్డ చిల్లర పనులు. తీరిక దొరికాక చూద్దామంటే వాటి తేదీలు మన కోసం ఆగవు. ఏ పనికి ఏ తేదీయో చూసుకుని, మనం కూర్చునే టైమును దానికి కాస్త ముందు పెట్టుకోవాలి. నేను చెప్పబోయేదంతా అలా కుదుర్చుకోవడం గురించే.

మొత్తం కలిపినా భయపడేంత ఏమీ లేదు. వారానికి 20 నిమిషాలంటే ఏడాదికి 17 గంటల పైచిలుకు. నెలకో గంట చొప్పున 12. మూడు నెలలకోసారి గంటన్నర, అంటే 6. ఏప్రిల్‌లో ఒక పూట. అన్నీ కలిపి 40 గంటలు దాటవు. ఫండ్ యాప్ చూసే సమయం ఇందులో లేదు. అది సరదా, పని కాదు.

ముందు ఒక జాబితా

మొదటిసారి మాత్రం రెండు గంటలు పడుతుంది. నోటు పుస్తకమైనా సరే, ఫోన్‌లో షీటైనా సరే. ఇంట్లో ఎవరి పేరు మీద ఏముందో రాయండి: బ్యాంకు ఖాతాలు, కార్డులు, లోన్లు, బీమా పాలసీలు, పీఎఫ్ నంబరు (యూఏఎన్), పీపీఎఫ్ (ప్రభుత్వ దీర్ఘకాల పొదుపు ఖాతా), డీమ్యాట్ (షేర్లుండే ఖాతా), చిట్టీలు, కుదువలో ఉన్న బంగారం, చేబదుళ్లు. ఆఖరిది తప్పకుండా రాయాలి. బావమరిదికిచ్చిన 30,000 గురించి ఏ బ్యాంకూ ఎస్ఎంఎస్ పంపదు.

దాని పక్కనే బిల్లుల నంబర్లు: హైదరాబాద్‌లోనైతే ఆస్తిపన్నుకు పీటీఐఎన్, కరెంటుకు యూఎస్సీ, జలమండలి నీళ్ల బిల్లుకు క్యాన్ నంబరు, గ్యాస్ కన్స్యూమర్ నంబరు, బండ్ల నంబర్లు, వాటి ఇన్సూరెన్స్ ముగిసే తేదీలు. పాస్‌వర్డులు, పిన్‌లు మాత్రం ఇందులో వద్దు.

ఒక్కో వరుసకు మూడు గడులు పెట్టండి. గడువు తేదీ ఎప్పుడు, దానంతటదే కట్ అవుతుందా మనమే కట్టాలా, ఏ ఖాతా నుంచి పోతుంది. మూడో గడిని అందరూ వదిలేస్తారు, దెబ్బ పడేదీ అక్కడే. ఉద్యోగం మారితే జీతం ఖాతా మారుతుంది. సిప్ (ఫండ్‌లో నెలనెలా వేసే మొత్తం), బీమా ప్రీమియం, లోను కిస్తీ మాత్రం పాత ఖాతానే పట్టుకుని ఉంటాయి. అందులో డబ్బుల్లేక ఒక్కటొక్కటిగా బౌన్స్ అవుతాయి. పైగా కొన్ని నెలలు జీతం పడకపోతే ఆ పాత ఖాతా మామూలు సేవింగ్స్ ఖాతా అయిపోతుంది, మినిమం బ్యాలెన్స్ లేదని కోతలు మొదలవుతాయి. ఉద్యోగం మారిన నెలలో చేయాల్సిన మొదటి పని ఈ మూడో గడిని తిరగరాయడమే.

వారం కూర్చోవడం

ఆదివారం పొద్దున టిఫిన్ అయ్యాక, బయట పనులు మొదలవకముందు. హైటెక్ సిటీలో రాత్రి షిఫ్టుల వాళ్లకు శనివారం మధ్యాహ్నం నయం. ఏ రోజైనా పర్వాలేదు, వారానికి ఒకే రోజు ఉండాలి. అర్ధరాత్రి మాత్రం వద్దు. బ్యాంకుల మెయింటెనెన్స్ పనులు ఎక్కువగా ఆ వేళలోనే పెట్టుకుంటారు, మన కళ్లు కూడా సున్నాలు సరిగా లెక్కపెట్టవు.

వారానికోసారి ఎందుకు, నెలకోసారి చాలదా అంటే చాలదు. కారణాలు రెండు. యూపీఐ స్టేట్‌మెంట్‌లో దుకాణం పేరుకు బదులు చాలాసార్లు యజమాని పేరో, వాళ్ల అబ్బాయి పేరో వస్తుంది. మన వీధి కిరాణా కొట్టు బోర్డు మీద ఒక పేరు, క్యూఆర్ కోడ్‌లో ఇంకో పేరు. వారం లోపైతే 740 రూపాయలు ఎక్కడ ఇచ్చామో గుర్తొస్తుంది. నెల దాటితే ఆ పేరు ఎవరిదో తెలియదు, అది మనం చేసిన ఖర్చేనా అన్న అనుమానం కూడా తీరదు.

రెండోది ఇంతకంటే పెద్దది. మన ప్రమేయం లేకుండా డబ్బు పోతే బాధ్యత ఎవరిదన్నది మనం ఎన్ని రోజుల్లో చెప్పామన్నదాన్ని బట్టి ఉంటుంది. రిజర్వు బ్యాంకు 2017లో ఇచ్చిన ఆదేశం ప్రకారం తప్పు మనదీ బ్యాంకుదీ కాక మూడో చోట జరిగితే, సమాచారం అందిన 3 పనిదినాల్లో ఫిర్యాదు చేసినవాళ్ల మీద భారం పడదు. 4 నుంచి 7 పనిదినాలైతే కొంత మేరకు మన మీద పడుతుంది. 7 దాటితే బ్యాంకు బోర్డు విధానం ఎలా ఉంటే అలా. ఆదివారం నుంచి ఆదివారం చూసుకుంటే మధ్యలో ఉండేవి ఐదారు పనిదినాలే కాబట్టి, ఎస్ఎంఎస్ చూడక తప్పిపోయినది కూడా 7 దాటకముందే కంటపడుతుంది. అయితే తెలియని డెబిట్ మెసేజ్ మంగళవారం వస్తే ఆదివారం దాకా ఆగకూడదు. అప్పటికప్పుడు బ్యాంకుకు చెప్పి, సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయాలి.

20 నిమిషాల్లో చేసేది ఇంతే. బ్యాంకు యాప్, కార్డు యాప్ తెరిచి గత ఏడు రోజుల పద్దులు పైనుంచి కిందికి చదవాలి. తెలియనిది ఉంటే గుర్తు పెట్టాలి. ఆ తర్వాత రాబోయే పది రోజుల్లో ఏవేవి కట్ అవుతాయో జాబితాలో చూసి, ఆ ఖాతాలో అంత డబ్బు ఉందా లేదా చూసుకోవాలి. సెలవు కదా, ఇవాళ కట్ కాదులే అనుకునే పాత లెక్క ఇప్పుడు పనికిరాదు. 2021 ఆగస్టు 1 నుంచి నాచ్ వ్యవస్థ (ఖాతా నుంచి కిస్తీలు, సిప్‌లు వాటంతటవే కట్ అయ్యే ఏర్పాటు) ఆదివారాలు, పండగలతో సహా అన్ని రోజులూ నడుస్తోంది. సంక్రాంతి రోజున కూడా కిస్తీ కట్ అవుతుంది.

చివరి ఐదు నిమిషాలు ఖర్చులను పద్దుల కింద వేయడం. పద్దులు ఏడెనిమిది చాలు: ఇల్లు (అద్దె లేదా కిస్తీ, మెయింటెనెన్స్, కరెంటు, నీళ్లు), కిరాణా పాలు కూరలు, ప్రయాణం, పిల్లలు, వైద్యం, బయటి తిండి, ఆన్‌లైన్ కొనుగోళ్లు, చదివింపులు. చదివింపులకు విడిగా పద్దు ఎందుకంటారా? మాఘంలోనూ శ్రావణంలోనూ వారానికి రెండు పెళ్లిళ్లు తగిలితే కవర్లు, బట్టలు, ఊరికి రానుపోను కలిపి బయటి తిండి ఖర్చును దాటేస్తాయి. విడిగా రాయకపోతే ఆ నెల డబ్బు ఎటు పోయిందో అంతుపట్టదు. ముప్ఫై పద్దులు పెట్టుకుని టీ డబ్బులు కూడా రాసేవాళ్లు సాధారణంగా మూడో వారానికి పుస్తకం మూసేస్తారు.

లెక్క రెండుసార్లు పడే చోట్లు మూడున్నాయి. కార్డుతో కొన్న సరుకు ఖర్చుగా రాసి, కార్డు బిల్లు కట్టినప్పుడు అదీ ఖర్చుగా రాయడం. ఒక ఖాతా నుంచి మన ఇంకో ఖాతాకు పంపింది ఖర్చుగా రాయడం. ఏటీఎంలో తీసిన 5,000 ఒకసారి, ఆ నోట్లతో కొన్న కూరలు ఇంకోసారి రాయడం. కార్డు బిల్లు కట్టినదీ, సొంత ఖాతాల మధ్య పంపినదీ అసలు రాయొద్దు. మూడోదానికి తేలిక మార్గం, తీసినప్పుడే 'చేతిఖర్చు' అని ఒక్క ముక్క రాసి వదిలేయడం.

నెల కూర్చోవడం, 5వ తేదీ లోపు

జీతం పడ్డాక, 5వ తేదీకి ముందు. ఈ 5 అనే అంకె పీపీఎఫ్ నుంచి వచ్చింది. పీపీఎఫ్‌లోనూ సుకన్య సమృద్ధిలోనూ ఆ నెల వడ్డీని 5వ తేదీ ముగిసినప్పటి నుంచి నెలాఖరు వరకు ఉన్న కనిష్ఠ నిల్వ మీద లెక్కగడతారు. 6న వేసిన డబ్బుకు ఆ నెల వడ్డీ రాదు. చెక్కుతో, ఆన్‌లైన్‌తో వేసేవాళ్లు 5న కాకుండా 2నో 3నో వేస్తే ఆలస్యాల బెడద ఉండదు.

ఈ గంట భార్యాభర్తలు కలిసి కూర్చునేది. వారం పని ఒక్కరు చూసుకోవచ్చు, నెల పని మాత్రం ఇద్దరికీ తెలియాలి. ఒకరు లెక్క చెప్పడం, ఇంకొకరు సంజాయిషీ ఇచ్చుకోవడం అనే వరస వచ్చిందంటే రెండో నెల నుంచి ఎవరో ఒకరికి తలనొప్పి వస్తుంది. చేతిఖర్చుకు చెరో మొత్తం పక్కన పెట్టుకుని, అందులో ఎవరు ఏం కొన్నారో అడగకుండా ఉంటే సగం గొడవ ఉండదు.

ముందు జీతం స్లిప్పు. పీఎఫ్ కోత, టీడీఎస్ (ముందే కోసే ఆదాయపన్ను), వృత్తిపన్ను. తెలంగాణలో నెల జీతం 20,000 దాటితే వృత్తిపన్ను 200. టీడీఎస్ ఉన్నట్టుండి పెరిగితే కారణం మార్చిలో కాదు, ఇప్పుడే అడగాలి.

తర్వాత క్రెడిట్ కార్డు. ఇక్కడ కాసేపు ఆగాలి. మన దగ్గర వడ్డీని నూటికి ఎన్ని రూపాయలని చెప్పుకుంటాం. మూడు రూపాయల వడ్డీకి అప్పు తెచ్చాడంటే ఊళ్లో 'అయ్యో' అంటారు. అదే మనిషి కార్డు బిల్లులో మినిమం డ్యూ (కనీసం కట్టాల్సిన భాగం) మాత్రమే కట్టి నిశ్చింతగా ఉంటాడు. చాలా కార్డుల వడ్డీ నెలకు మూడు నుంచి నాలుగు రూపాయల మధ్య ఉంటుంది, దాని మీద 18 శాతం జీఎస్టీ. 50,000 బిల్లుకు 5 శాతం లెక్కన 2,500 కట్టి వదిలేస్తే మిగిలేది 47,500. మూడున్నర రూపాయల చొప్పున నెల వడ్డీ 1,662, జీఎస్టీ 299. సుమారు 1,960 పోయింది. వడ్డీని బిల్లు గడువు నుంచి కాకుండా కొన్న రోజు నుంచి లెక్కిస్తారు కనుక నిజానికి ఇంకా ఎక్కువే పడుతుంది. పాత బాకీ తీరేదాకా కొత్తగా కొన్నవాటికి కూడా వడ్డీ లేని గడువు దొరకదు. చాలామందికి ఈ చివరి ముక్క తెలియదు.

కార్డుకు ఆటో డెబిట్ పెట్టుకున్నవాళ్లు ఒక్కసారి సెట్టింగ్ చూసుకోండి. మొత్తం బిల్లు, మినిమం డ్యూ అని రెండు ఎంపికలుంటాయి. ఫారం నింపే రోజు ఎవరో రెండోదానికి టిక్కు పెట్టేసి ఉంటే, ఆటోలో ఉందిలే అన్న ధీమాతోనే ఏడాదంతా వడ్డీ కట్టేస్తారు.

సిప్‌లు, కిస్తీల తేదీలు జీతం తేదీకి మరీ దగ్గరగా పెట్టొద్దు. 1న జీతం, 1నే సిప్ అంటే ఒక్క రోజు జీతం ఆలస్యమైతే చాలు బౌన్స్. 7 నుంచి 10 మధ్య పెడితే వీలుంటుంది. బౌన్స్ అయిన ప్రతిసారీ బ్యాంకు చార్జీ, దాని మీద జీఎస్టీ. కిస్తీ అయితే లోను ఇచ్చినవాళ్ల చార్జీ అదనం, క్రెడిట్ రిపోర్టులో మచ్చ. నెలవారీ సిప్ వరుసగా మూడుసార్లు తప్పితే రద్దవుతుంది. యూపీఐ యాప్‌లో ఆటోపే మ్యాండేట్ల (వాటంతటవే కట్ అయ్యేందుకు మనం ఇచ్చిన అనుమతుల) జాబితా కూడా ఇదే గంటలో తెరవండి. ఉచితంగా ఒక నెల చూద్దామని తీసుకున్న సినిమా యాప్‌లు, వదిలేసిన జిమ్ అందులో ఇంకా బతికే ఉంటాయి.

బిల్లుల్లో హైదరాబాద్ సంగతులు రెండు. జలమండలి నెలకు 20,000 లీటర్లు ఉచితంగా ఇస్తుంది గానీ, మీటరు పనిచేయాలి, క్యాన్ నంబరుకు ఆధార్ జత అయి ఉండాలి. మీటరు ఆగిపోయిన ఇంటికి మామూలు బిల్లు వస్తూనే ఉంటుంది, ఎవరూ చూడకపోతే బాకీ పేరుకుపోతుంది. కరెంటులో గృహజ్యోతి (200 యూనిట్ల వరకు ఉచిత కరెంటు) ఉన్న ఇళ్లకు 200 యూనిట్లు దాటిన నెలలో బిల్లు మొత్తం కట్టాలి, దాటిన యూనిట్లకు మాత్రమే కాదు. ఏప్రిల్, మే నెలల్లో కూలర్ తిరిగే ఇంట్లో మీటరు రీడింగును నెల మధ్యలో ఒకసారి చూసుకోవడం మంచిది. దీనితోపాటే ఈ-చలాన్ సైట్‌లో బండి నంబరు కొట్టి చూడండి. ఆర్సీలో పాత ఫోన్ నంబరు ఉంటే చలాన్ మెసేజ్ మీకు రాదు.

ఏడాది ఖర్చులను నెలకు దించడం

నెల లెక్క చూస్తే బాగానే ఉంటుంది, ఏడాది చివర మాత్రం ఏమీ మిగలదు. ఎందుకంటే పెద్ద ఖర్చులు నెల లెక్కలోకి రావు. ఒక ఉదాహరణ వేద్దాం. ఆస్తిపన్ను 7,200. కారు ఇన్సూరెన్స్ 14,400. కుటుంబ ఆరోగ్య బీమా 30,000. టర్మ్ పాలసీ 21,600. సంక్రాంతి ప్రయాణం, బట్టలు 24,000. ఇద్దరు పిల్లల స్కూలు ఫీజు 1,20,000. ఫ్రిజ్జు, వాషింగ్ మెషీన్, బండి రిపేర్లకు 12,000. మొత్తం 2,29,200. పన్నెండుతో భాగిస్తే నెలకు 19,100. జీతంలో ఈ 19,100 మనది కాదు అనుకుని నెల మొదట్లోనే వేరే ఖాతాకు పంపేయాలి. ఆ ఖాతాకు యూపీఐ కలపొద్దు, డెబిట్ కార్డు పర్సులో పెట్టుకోవద్దు. రికరింగ్ డిపాజిట్ వేస్తే వడ్డీ కొంచెం ఎక్కువ వస్తుంది గానీ, జూన్‌లో కావాల్సినప్పుడు ముందే బద్దలు కొట్టాలి. అందుకే మామూలు సేవింగ్స్ ఖాతానే నయం.

మొదటి ఏడాది ఇది తడబడుతుంది, ఎందుకో తెలిస్తే వదిలేయరు. జనవరిలో మొదలుపెట్టారనుకోండి. జూన్ చివరికి పోగయ్యేది 1,14,600. ఈలోపు సంక్రాంతికి 24,000, ఆస్తిపన్నుకు 7,200, ఫీజు మొదటి విడత 60,000, కారు, ఆరోగ్య బీమాలు కూడా ఆ ఆరు నెలల్లోనే పడితే 44,400. అంతా 1,35,600. అంటే 21,000 తక్కువ. పద్ధతిలో తప్పేమీ లేదు, ఖర్చులు ఏడాది మొదటి సగంలో కూడుకుని ఉన్నాయంతే. మొదటిసారి బోనస్ నుంచో, ఉన్న పొదుపు నుంచో ఒక 25,000 అందులో వేసి మొదలుపెడితే లోటు పూడుతుంది. జీతం పెరిగినా పెరగకపోయినా ఏటా జనవరిలో ఈ మొత్తాన్ని మళ్లీ లెక్క వేయండి, స్కూలు ఫీజులు పోయినేడాది అంకె దగ్గర ఆగవు.

మూడు నెలల పని

జూన్, సెప్టెంబరు, డిసెంబరు, మార్చి నెలల్లో మొదటి లేదా రెండో ఆదివారం. ఈ నెలలే ఎందుకంటే అడ్వాన్స్ ట్యాక్స్ (ఏడాది మధ్యలోనే విడతలుగా కట్టే ఆదాయపన్ను) గడువు ఈ నాలుగింటిలో 15వ తేదీన ఉంటుంది: జూన్‌కు ఏడాది పన్నులో 15 శాతం, సెప్టెంబరుకు అంతా కలిపి 45, డిసెంబరుకు 75, మార్చికి మొత్తం. జీతం మీద టీడీఎస్ పోతోంది, నాకెందుకు అనుకోవద్దు. ఇంటి అద్దె, ఎఫ్‌డీ వడ్డీ, షేర్లు అమ్మిన లాభం, విడిగా చేసే కన్సల్టింగ్ పని వల్ల టీడీఎస్ పోను ఇంకా 10,000 లేదా అంతకంటే ఎక్కువ పన్ను కట్టాల్సి వస్తే ఇది వర్తిస్తుంది. వేరే వ్యాపారం లేని 60 ఏళ్లు దాటిన పెద్దవాళ్లకు మినహాయింపు ఉంది. ఆదాయపన్ను సైట్‌లో ఏఐఎస్ (వార్షిక సమాచార నివేదిక) తెరిస్తే మన పాన్ మీద ఎవరెవరు ఏమేం తెలిపారో కనిపిస్తుంది. అందులో తప్పు పద్దు ఉంటే అక్కడే ఫీడ్‌బ్యాక్ ఇవ్వొచ్చు. జూలై చివరి వారంలో రిటర్ను వేస్తూ చూస్తే సరిదిద్దుకునే టైము ఉండదు.

క్రెడిట్ రిపోర్టుకు ఒక చిన్న కిటుకు. సిబిల్, ఎక్స్‌పీరియన్, ఈక్విఫ్యాక్స్, క్రిఫ్ హై మార్క్ అని నాలుగు సంస్థలున్నాయి. ఒక్కోటీ ఏడాదికి ఒక పూర్తి రిపోర్టు ఉచితంగా ఇవ్వాలి. నాలుగూ ఒకేసారి తీయకుండా మూడు నెలలకొకటి తీస్తే పైసా ఖర్చు లేకుండా ఏడాదంతా కన్నేసి ఉంచినట్టే. స్కోరు కంటే ముందు ఖాతాల జాబితా చదవండి: మీరు తీసుకోని లోను ఉందా, తీర్చేసిన లోను ఇంకా నడుస్తున్నట్టు చూపిస్తోందా.

ఇంటి లోను ఉన్నవాళ్లు వడ్డీ రేటు చూడాల్సిందీ ఇప్పుడే. 2019 అక్టోబరు నుంచి బ్యాంకులు కొత్తగా ఇచ్చే ఫ్లోటింగ్ ఇంటి లోన్లు రెపో (రిజర్వు బ్యాంకు బ్యాంకులకిచ్చే అప్పు రేటు) వంటి బయటి ప్రమాణానికి ముడిపడ్డాయి, మూడు నెలలకోసారైనా రేటు సవరించాలి. 2025లో రెపో 6.5 నుంచి 5.25 శాతానికి వచ్చింది. మీ లోను బ్యాంకు సొంత లెక్కతో వేసే పాత ఎంసీఎల్ఆర్ రేటులోనో, హౌసింగ్ ఫైనాన్స్ కంపెనీ సొంత రేటులోనో ఉంటే ఆ తగ్గుదల మీ దాకా పూర్తిగా రాకపోవచ్చు. 40 లక్షలు, 20 ఏళ్లు, 8.5 శాతానికి కిస్తీ 34,713. అదే 8 శాతానికి 33,458. నెలకు 1,255 తేడా. కిస్తీ తగ్గించకుండా 34,713 కడుతూ పోతే గడువు 240 నెలల నుంచి దాదాపు 220కి దిగుతుంది. అంటే సుమారు 20 కిస్తీలు, 6.9 లక్షలు మిగులు. రేటు మార్పుకు బ్యాంకు కొంత ఫీజు అడుగుతుంది. ఇంత తేడా ఉన్నప్పుడు అది సులువుగా వెనక్కి వస్తుంది. లోను చివరి మూడు నాలుగేళ్లలో ఉంటే మాత్రం లెక్క వేసుకున్నాకే వెళ్లండి.

చిట్టీ పాస్ బుక్కు కూడా తీయండి. 5 లక్షల చిట్టీ, 25 మంది, 25 నెలలు, నెలకు 20,000. ఒక నెల పాట లక్ష తగ్గింపుకు పోయిందనుకుందాం. పాడుకున్నవారికి 4 లక్షలు. లక్షలో నిర్వాహకుల కమిషన్ (మొత్తం చిట్టీ మీద) 5 శాతమైతే 25,000 పోను 75,000 మిగులు, తలా 3,000 డివిడెండ్. ఆ నెల మీరు కట్టాల్సింది 17,000. ఈ 3,000 లెక్క పాస్ బుక్కులో సరిగా పడిందో లేదో మూడు నెలలకోసారైనా చూడాలి. కమిషన్ గరిష్ఠ పరిమితిని 2019 సవరణలో 5 నుంచి 7 శాతానికి పెంచారు. మీ ఒప్పందంలో ఎంత రాశారో చదవండి. చిట్టీ 1982 చిట్ ఫండ్స్ చట్టం కింద రిజిస్టరైనదా కాదా అన్నది చేరేముందే అడగాలి. అపార్ట్‌మెంట్‌లో తెలిసినావిడ నడిపే చిట్టీ నిజాయితీగానే నడవొచ్చు, కానీ మధ్యలో ఆగితే చిట్స్ రిజిస్ట్రార్ దగ్గరికి వెళ్లే దారి ఉండదు. ఆ తేడా తెలిసే కట్టాలి.

బంగారం లోనుకు ఒక్క మాట. అసలు, వడ్డీ చివర్లో ఒకేసారి కట్టే రకమైతే గడువు 12 నెలలు మించదు. నెలనెలా కిస్తీ లేకపోవడం వల్లే అది మరుపున పడుతుంది, గడువు దాటాక వేలం నోటీసు వస్తుంది. పదకొండో నెలకు ఫోన్‌లో అలారం పెట్టండి.

ఏప్రిల్‌లో ఒక పూట

ఏప్రిల్ 5 లోపు పీపీఎఫ్‌లో ఏడాది మొత్తం, గరిష్ఠంగా 1.5 లక్షలు, ఒకేసారి వేయగలిగితే పన్నెండు నెలల వడ్డీ దక్కుతుంది. జీహెచ్ఎంసీ పరిధిలో ఆ ఏడాది ఆస్తిపన్ను మొత్తం ఏప్రిల్ 30 లోపు కడితే ఎర్లీ బర్డ్ కింద 5 శాతం రాయితీ ఇస్తూ వచ్చారు. పాత బాకీ మీద అది వర్తించదు. బాకీ మీద నెలకు 2 శాతం వడ్డీ నడుస్తుంది, అంటే రెండు రూపాయల వడ్డీ. ఆఫీసులో పాత పన్ను విధానమా, కొత్తదా చెప్పాల్సిందీ ఇప్పుడే. ఏమీ చెప్పకపోతే కొత్తదే వర్తిస్తుంది, అందులో పీపీఎఫ్, బీమా వంటి పొదుపులకు ఇచ్చే మినహాయింపులు (80సీ అని పిలిచేవి) లేవు. అమ్మానాన్నల ఎఫ్‌డీల మీద టీడీఎస్ పడకూడదనుకుంటే, పన్ను పడేంత ఆదాయం లేదనే డిక్లరేషన్ కూడా ఏప్రిల్‌లోనే ఇవ్వాలి. ఆ బ్యాంకు వడ్డీ ఏడాదికి లక్ష దాటితేనే పెద్దవాళ్లకు టీడీఎస్ కోస్తారు.

ఒక బ్యాంకులో ఒక్కరి పేరు మీద అసలు, వడ్డీ కలిపి 5 లక్షల వరకే డిపాజిట్ బీమా. చిన్న కోఆపరేటివ్ బ్యాంకులో అర శాతం ఎక్కువ వస్తుందని 12 లక్షలు ఒక్కచోటే పెట్టినవాళ్లు ఈ పూట దాన్ని పంచాలి. రెండేళ్లు లావాదేవీ లేని ఖాతా ఇనాపరేటివ్ (వాడకంలో లేనిది) అవుతుంది, పదేళ్లు దాటితే ఆ డబ్బు రిజర్వు బ్యాంకు నిధికి పోతుంది. తాతయ్యల కాలం నాటి ఖాతాలేమైనా ఉన్నాయేమో రిజర్వు బ్యాంకు వారి ఉద్గమ్ పోర్టల్‌లో వెతకొచ్చు. అక్కడ దొరికినా డబ్బు కోసం బ్యాంకుకే వెళ్లాలి.

నామినీలు ప్రతి ఖాతాలోనూ చూడండి. పెళ్లికి ముందు తెరిచిన ఖాతాల్లో, పీఎఫ్‌లో ఇంకా తండ్రి పేరే ఉండటం మామూలు. 2025 నవంబరు 1 నుంచి బ్యాంకు డిపాజిట్లకు నలుగురి దాకా నామినీలను పెట్టుకోవచ్చు, ఎవరికి ఎంత శాతమో కూడా రాయొచ్చు. మొదట రాసిన జాబితాను ఇదే పూట కొత్తగా ప్రింట్ తీసి, పాలసీ కాగితాలు ఉన్న ఫైల్లో పెట్టి, ఆ ఫైలు ఏ అరలో ఉందో ఇంట్లో ఇంకొకరికి చూపించండి.

మధ్యలో తప్పితే

తప్పుతుంది. పరీక్షలు, జ్వరాలు, ఊరి ప్రయాణాలు. మూడు వారాలు గడిచాక పాత ఖర్చులన్నీ తవ్వి పద్దుల కింద వేయాలని కూర్చుంటే మూడు గంటలు పడుతుంది, దాంతో విసుగొచ్చి మొత్తం మానేస్తారు. ఇవాళ్టి నిల్వ రాయండి. చివరిసారి రాసిన నిల్వకు ఆ మధ్య జీతమో అద్దో జమ పడితే అది కలిపి, అందులోంచి ఇవాళ్టి నిల్వ తీసేస్తే వచ్చేది 'రాయని ఖర్చు' అని ఒకే పద్దు. అంతటితో వదిలేయండి. వదలకూడనివి రెండే: ఆ మూడు వారాల డెబిట్లలో ముక్కూముఖం తెలియనివి ఉన్నాయేమో ఒకసారి కిందిదాకా చదవడం, రాబోయే పది రోజుల్లో కట్ అయ్యేవాటికి ఖాతాలో డబ్బుందో లేదో చూడటం. ఈ రెండింటికీ కలిపి పది నిమిషాలు చాలు.